పాత క్యాసెట్లు కంప్యూటర్లోకి, 3వ పాఠం: ప్లే నొక్కేది ఒక్కసారే

పోయినసారి మీ ఇంట్లో క్యాసెట్లు ఏ రకమో వేరు చేసి పెట్టుకోమన్నాను కదా, ఈసారి వాటిలో వీహెచ్ఎస్, అంటే పెద్ద వీడియో క్యాసెట్లు, ఒక్కటే పట్టుకుందాం. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ఎటు తిరిగినా మన తెలుగోళ్ల ఇళ్లల్లో బీరువా పైన సంచిలో మూటకట్టి ఉండేవి ఎక్కువ ఇవే, పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, బరంపురం వాళ్లకైతే రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ యాత్రలో పిల్లలకి వేషాలు కట్టినప్పుడు తీయించినవి.

చాలామంది ఏం చేస్తారంటే వీసీపీ (క్యాసెట్ ఆడించే మెషీన్) దొరకగానే ఇంటిల్లిపాదీ కూర్చుని క్యాసెట్ మొత్తం చూసేస్తారు, రేపు తీరిగ్గా ఎక్కిద్దాంలే అంటారు. అలా చెయ్యకండి. టేపు మీద ఉన్నది పల్చటి అయస్కాంత పూత, అది పాతబడి ఉంటుంది, నిమిషానికి 1500 చుట్లు తిరిగే డ్రమ్ముకి రాసుకుంటూ పోతుంది, ఆ టేపు ఇంకెన్నిసార్లు సరిగ్గా ఆడుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకని మొదటిసారి ప్లే నొక్కినప్పుడే ఇటు రికార్డింగ్ కూడా నడుస్తూ ఉండాలి, ఇంట్లోవాళ్లు కావాలంటే అప్పుడే పక్కన కూర్చుని చూస్తారు. ఈ పాఠమంతా ఆ ఒక్క ప్లే కోసం సిద్ధపడటమే.

ముందు క్యాసెట్ చేతిలోకి తీసుకుని వెలుతుర్లో పెట్టి కిటికీలోంచి రీలు అంచు చూడండి. నల్లగా నున్నగా ఉంటే మంచిదే. తెల్లగా పిండి చల్లినట్టు గానీ దారప్పోగుల్లా గానీ కనిపిస్తే అది బూజు. మనది గోపాల్‌పూర్ సముద్రం గాలి, పైగా 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ఊపేసింది, ఆ రెండుసార్లూ ఇంట్లోకి నీళ్లు వచ్చి పెట్టెలు తడిసినవాళ్లు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. బూజు ఉన్న టేపు పొరపాటున కూడా మంచి వీసీపీలో పెట్టొద్దు, ఆ బూజు మెషీన్లో టేపుని చదివే హెడ్లకి పట్టి, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కి కూడా అంటుకుంటుంది.

బూజుకి తొందర పనికిరాదు. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పెట్టడం రెండూ వద్దు, వేడికి టేపు మెలిక తిరుగుతుంది. గట్టిగా మూత పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అదేనండి కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే చిన్న పొట్లాలు, క్యాసెట్ కవరు తీసేసి కొన్ని రోజులు ఉంచండి. తడి ఉన్నప్పుడు తుడిస్తే బూజు పులుముకుంటుంది, ఎండితే పొడిగా రాలుతుంది. తర్వాత మూతికి మాస్కు కట్టుకుని, ఇంట్లో కాకుండా బయట వరండాలో, అదీ ఉబ్బసం ఉన్నవాళ్లు దగ్గర లేనప్పుడు, పని మొదలెట్టండి. క్యాసెట్ వెనక ఐదు స్క్రూలు ఉంటాయి, పై మూత మెల్లగా ఎత్తి, లోపల రీళ్లూ స్ప్రింగులూ ఎలా ఉన్నాయో కదపకముందే ఫోన్లో ఫోటో తీసుకోండి, ఇది మర్చిపోతే మళ్లీ బిగించేటప్పుడు ఏడుపొస్తుంది. నూగు రాలని గుడ్డతో రీలు అంచులు పొడిగా తుడవండి. బూజు అంచుల్లోనే ఆగితే సరే, టేపు పొరల మధ్యకి దిగిపోతే మాత్రం అది ఇంట్లో చేసే పని కాదు, ఆ ఒక్కటీ పక్కన పెట్టి తెలిసినవాళ్లకి ఇవ్వండి.

ఇంకో చిన్న పని, క్యాసెట్ వెన్ను మీద ఎడమ పక్క చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది, అది ఇంకా ఉంటే విరిచెయ్యండి. అది లేకపోతే వీసీఆర్ దాని మీద రికార్డు చెయ్యదు. రికార్డింగ్ సౌకర్యం లేని వీసీపీ అయితే భయం లేదు గానీ వీసీఆర్‌లో చెయ్యి జారి ఎర్ర బటన్ నొక్కారంటే పెళ్లి మీద ఖాళీ స్క్రీన్ ఎక్కిపోతుంది.

ఇప్పుడు మెషీన్. కొత్త వీసీఆర్లు దొరకవు, చివరివరకూ చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది, కాబట్టి మనకి దొరికేది ఎవరింట్లోనో మూలన పడున్నదే. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న మెషీన్లో రబ్బరు బెల్టులు సాగిపోయో గట్టిపడో ఉంటాయి, అలాంటిది టేపుని లోపలికి లాక్కుని నమిలేస్తుంది. అందుకని ముందు పోయినా పర్వాలేదనుకునే క్యాసెట్ ఒకటి పెట్టి చూడండి (అద్దెకి తెచ్చి తిరిగివ్వని సినిమా క్యాసెట్ ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది, దాని పాపం ఇలా తీర్చుకోండి). ప్లే, ఫార్వర్డ్, రివైండ్, ఎజెక్ట్ అన్నీ నొక్కి, బయటికి తీసి టేపు మీద మడతలు, గీతలు పడ్డాయేమో చూసుకోవాలి.

బొమ్మ నిండా చుక్కలు వస్తే హెడ్డు మురికి పట్టిందన్నమాట. ప్లగ్గు పీకేసి, కాసేపాగి పై మూత తీస్తే వెండి రంగులో మెరిసే డ్రమ్ము కనిపిస్తుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి, మొబైల్ రిపేర్ షాపువాళ్లు వాడేది అదే, అడిగితే కొంచెం పోస్తారు. మందుల షాపు స్పిరిట్ వద్దు, శానిటైజర్ అసలే వద్దు. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు కూడా వద్దు, డ్రమ్ములో ఉన్న హెడ్డు ముక్కలు చాలా సన్నవి, దూది పోగు చిక్కుకుంటే విరిగిపోతాయి. కళ్లద్దాలు తుడిచే మెత్తటి తోలు లాంటి గుడ్డ తడిపి డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్ము పైభాగం పట్టుకుని మెల్లగా తిప్పాలి. గుడ్డని పైకీ కిందకీ రుద్దారా, హెడ్డు పోయినట్టే. అంతా ఆరాక మూత పెట్టండి.

వైర్ల సంగతి తేలిక. పసుపు బొమ్మకి, తెలుపూ ఎరుపూ సౌండుకి. చాలా వీసీపీల్లో సౌండుకి ఒక్క తెల్లది మాత్రమే ఉంటుంది, అది మోనో కాబట్టి తప్పేం లేదు. యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్కు, అంటే వీసీపీ బొమ్మని కంప్యూటర్లోకి ఎక్కించే చిన్న పరికరం, చవకదైనా ఫర్వాలేదు గానీ, ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా మాత్రం కొనకండి, అది బొమ్మని సొంత తెలివితో సాగదీసి పెద్దది చేసి పంపిస్తుంది, ఆ పాడుచేసింది తర్వాత సరిచెయ్యలేం. బొమ్మ పైభాగం ఒక పక్కకి వంగిపోతూ ఉంటే పాత డీవీడీ రికార్డర్ దొరికితే వీసీపీకీ స్టిక్కుకీ మధ్యలో పెట్టి చూడండి, కొన్ని మోడళ్లు ఆ వంకర బాగా సరిచేస్తాయి.

సాఫ్ట్‌వేర్ వర్చువల్‌డబ్, ఉచితమే. అందులో క్యాప్చర్ మోడ్‌కి వెళ్లి వీడియో స్టాండర్డ్ పాల్ బి (మన దేశపు వీడియో పద్ధతి) పెట్టండి, సైజు 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు, కలర్ ఫార్మాట్ వైయూవై2, సౌండు 48000 హెర్ట్జ్. అమెరికా నుంచి చుట్టాలు పంపిన క్యాసెట్ అయితే అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ ఉండొచ్చు, దాని సెట్టింగులు వేరు, పక్కన పెట్టండి. కంప్రెషన్ దగ్గర హఫ్‌వైయూవీ లాంటి లాస్‌లెస్ కోడెక్ (బొమ్మలో ఏమీ పోకుండా ఫైలు సైజు తగ్గించేది) తీసుకోండి. ఏ కంప్రెషనూ లేకపోతే గంటకి 75 జీబీ దాకా అవుతుంది, దీంతో 30 జీబీ పైచిలుకు. అంత ఎందుకు, నేరుగా ఎంపీ4 చేస్తే గంటకి రెండు మూడు జీబీలే కదా అంటారు. ఎంపీ4 తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చండి, ఈ పెద్ద ఫైలు మళ్లీ కావాలంటే మళ్లీ టేపు తిప్పాలి, మనం వద్దనుకున్నది అదే కదా.

ఫైలు లాప్‌టాప్ లోపలి డిస్కులోకే వెళ్లాలి, పెన్‌డ్రైవ్ ఆ వేగానికి ఆగదు, పైగా అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసినదైతే 4 జీబీ దగ్గర ఆగిపోతుంది. వైఫై ఆపండి, యాంటీవైరస్ ఆపండి, స్క్రీన్ నిద్రపోకుండా సెట్ చెయ్యండి. సౌండులో గుయ్యిమని మోత వస్తే లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, చాలాసార్లు అక్కడే పోతుంది. వీసీపీని ఇన్వర్టర్ మీద పెట్టుకుంటే మంచిది, టేపు డ్రమ్ముకి చుట్టుకుని ఉన్నప్పుడు కరెంటు పోవడం అంత మంచిది కాదు.

టేపు ఏళ్ల తరబడి ఒకే చోట చుట్టుకుని ఉంటుంది కాబట్టి ముందు చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి రివైండ్ చెయ్యండి. ఏసీ గదిలోంచి తెచ్చిన క్యాసెట్ అయితే వెంటనే పెట్టకండి, పైన చెమ్మ పడుతుంది. వీసీపీలో బ్లూ స్క్రీన్ ఆప్షన్ ఉంటే ఆపెయ్యండి, లేకపోతే బొమ్మ కొంచెం బలహీనపడినా అది నీలం తెర వేసేసి ఉన్న బొమ్మ కూడా దాచేస్తుంది. ముందు రికార్డు నొక్కి, తర్వాత ప్లే. మొదటి నిమిషంలోనే వీసీపీ మీది ట్రాకింగ్ తిప్పుతూ కింది తెల్ల గీతలు వీలైనంత తగ్గించుకోండి, తర్వాత చెయ్యి పెట్టొద్దు. బొమ్మ అడుగున సన్నటి పట్టీలా గజిబిజి మిగులుతుంది, అది ప్రతి వీహెచ్ఎస్‌లోనూ ఉండేదే, ఇప్పుడు కత్తిరించకండి.

ఒక కన్ను వర్చువల్‌డబ్‌లో డ్రాప్డ్ ఫ్రేమ్స్ (ఎక్కకుండా జారిపోయిన ఫ్రేములు) అంకె మీద ఉండాలి. టేపు మొదట్లో నాలుగైదు పడి ఆగిపోతే కంగారు లేదు, ఆగకుండా పెరుగుతూ ఉంటే కంప్యూటర్ అందుకోలేకపోతున్నట్టు, సౌండు బొమ్మకి ముందో వెనకో పోతుంది, అప్పుడు ఆపి వేరే పనులన్నీ మూసి మళ్లీ మొదలెట్టాల్సిందే.

అప్పగింతలు అయిపోయి తెర ఖాళీ అయితే ఆపెయ్యకండి. ఈ-180 క్యాసెట్ అంటే మూడు గంటలు, పెళ్లి రెండుంబావు గంటలకి అయిపోతే మిగిలిన టేపు మీద ఎవరో దూరదర్శన్ వార్తలో, పిల్లల పుట్టినరోజో ఎక్కించి ఉంటారు. నన్నడిగితే పెళ్లి కంటే అవే బాగుంటాయి, కెమెరా ఉందని ఎవరికీ తెలీకుండా మాట్లాడుకున్న మాటలు, సగం తెలుగూ సగం ఒడియా. టేపు దానంతటది ఆగేదాకా వదిలెయ్యండి.

అయ్యాక మొదట్లో, మధ్యలో, చివర్లో మూడుచోట్ల పెదాలకీ మాటకీ కుదిరిందో లేదో చూడండి, ముఖ్యంగా చివర, తేడా అక్కడే పెరుగుతుంది. ఫైలు పేరులో ఏడాది, ఊరు, ఏం ఫంక్షనో రాయండి. స్టూడియోవాళ్లు లేబుల్ ఒడియాలో వేస్తారు, పెద్దవాళ్లు కింద తెలుగులో రాసుకుంటారు, ఒడియా మీడియంలో చదివిన పిల్లలకి ఆ తెలుగు అర్థం కాదు, కాబట్టి రెండూ ఫోటో తీసి అదే ఫోల్డర్లో పెట్టండి. ఇంకో డిస్కులోకి కాపీ చేశాకే తర్వాతి క్యాసెట్ ముట్టుకోండి.

వచ్చే పాఠం ఈ పెద్ద ఫైలు నుంచి ఫోన్లో చూసుకునే ఎంపీ4 ఎలా చెయ్యాలో, కదిలేచోట దువ్వెన పళ్లలా వచ్చే గీతలు ఎలా తియ్యాలో. అప్పటిదాకా పెద్ద ఫైలు డిలీట్ చెయ్యొద్దు, క్యాసెట్ రివైండ్ చేసి పుస్తకంలా నిలబెట్టి పెట్టండి.