షిఫ్టు డ్యూటీ కార్మికులు సెలవుకు దరఖాస్తు చేసే విధానం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి

ముత్తుకూరు వైపు థర్మల్ ప్లాంట్లు, కృష్ణపట్నం చుట్టుపక్కల నూనె ఫ్యాక్టరీలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు. వీటిలో చాలా చోట్ల పని మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. సెలవు మాత్రం ఎక్కువ మంది సూపర్‌వైజర్‌ను నోటిమాటగా అడుగుతారు. ఆయన కాదంటే అంతటితో వదిలేస్తారు. అలా వదిలేసిన సెలవు లెక్కలోకి రాదు. కాగితం మీద అడిగిన సెలవు మాత్రం ఇవ్వకపోయినా మీ ఖాతాలోనే ఉంటుంది. అందుకే ఈ విధానం తెలుసుకోవాలి.

ముందు హక్కు సంగతి. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. అంతకుముందు ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేస్తేనే జీతంతో కూడిన వార్షిక సెలవు, అంటే ఈఎల్, వచ్చేది. ఇప్పుడు జనవరి నుంచి డిసెంబరు లోపు 180 రోజులు చేస్తే చాలు. ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు సెలవు. 264 రోజులు చేసినవారికి 13 రోజులు, 270 రోజులు చేసినవారికి 14 రోజులు వస్తాయి, ఎందుకంటే అర రోజు, ఆపైన మిగిలితే ఒక రోజుగా లెక్కించాలి. మధ్యలో చేరినవారు ఆ ఏడాదిలో మిగిలిన రోజుల్లో నాలుగో వంతు పనిచేయాలి. జులై 1న చేరితే 46 రోజులు చేస్తే సరిపోతుంది.

రాత్రి షిఫ్టు వాళ్లకు అన్యాయం ఎక్కువగా జరిగేది వీక్లీ ఆఫ్ దగ్గర. శనివారం రాత్రి 10 గంటలకు సీ షిఫ్టు ఎక్కి ఆదివారం ఉదయం 6కి దిగారనుకుందాం. ఆదివారం మీ ఆఫ్. అదే రోజు రాత్రి 10కి మళ్లీ రమ్మంటారు. అడిగితే "ఆదివారం పగలంతా ఇంట్లోనే ఉన్నావు కదా" అంటారు. ఆ మాట చెల్లదు. అర్ధరాత్రి దాటే షిఫ్టు చేసేవారికి వారపు సెలవు అంటే షిఫ్టు దిగినప్పటి నుంచి వరుసగా 24 గంటలు. పాత చట్టంలోనూ ఇదే ఉంది, కొత్త కోడ్‌లోనూ ఇదే ఉంది. అంటే సోమవారం ఉదయం 6 వరకు మిమ్మల్ని పిలవకూడదు. ఇంటికొచ్చి నిద్రపోయి లేచేసరికి సగం రోజు అయిపోయే మనిషికి 16 గంటలిచ్చి ఆఫ్ ఇచ్చామనడం దారుణం. పైగా అర్ధరాత్రి తర్వాత చేసిన గంటలు ముందు రోజు లెక్కలోకే పోతాయి. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, అలా పడిందో లేదో చూసుకోండి.

పని ఒత్తిడి వల్ల మినహాయింపు పెట్టి ఆఫ్ ఆపేస్తే, ఆ నెలలో గానీ తర్వాతి రెండు నెలల్లో గానీ అన్ని రోజులూ తిరిగి ఇవ్వాలి. సీఆఫ్ అనేది ఇదే. రిలీవర్ రాలేదనో, ఆర్డర్ అర్జెంటనో దాన్ని జరుపుకుంటూ పోతారు. అందుకే ఏ తేదీ ఆఫ్ పోయిందో ఫోన్‌లోనైనా రాసి పెట్టుకోండి.

జాతీయ, పండుగ సెలవులకు మన రాష్ట్రంలో 1974 నాటి ప్రత్యేక చట్టం ఉంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2తో పాటు పండుగలకూ జీతంతో సెలవివ్వాలి. ఏయే పండుగలన్నది కార్మికులను సంప్రదించి తేలుస్తారు. నెల్లూరులో రొట్టెల పండుగకు సెలవు కావాలంటే జాబితా తయారయ్యేటప్పుడే అడగాలి. సెలవు రోజున డ్యూటీ చేయిస్తే రెట్టింపు జీతం తీసుకోవచ్చు, లేదా మామూలు జీతంతో పాటు మరో రోజు సెలవు తీసుకోవచ్చు. ఈ రెండిట్లో ఏది కావాలో తేల్చుకునేది మీరే. రాత్రి షిఫ్టు వారు మరో సంగతి ముందే అడగండి: ఆగస్టు 15 సెలవు 14వ తేదీ రాత్రి షిఫ్టుకా, 15వ తేదీ రాత్రి షిఫ్టుకా? జవాబు నోటీసు బోర్డులో పెట్టించుకుంటే తర్వాత గొడవ ఉండదు.

ఇక దరఖాస్తు. ఫ్యాక్టరీ మేనేజర్ పేరున, కనీసం 15 రోజుల ముందు ఇవ్వండి. కాంట్రాక్టర్ కింద పనిచేసేవారు కాంట్రాక్టర్‌కు రాసి, ఒక కాపీ ఫ్యాక్టరీ టైం ఆఫీసులో ఇవ్వాలి. తెలుగులో తెల్లకాగితం మీద ఇలా రాస్తే చాలు:

"మేనేజర్ గారికి, నేను ఫలానా విభాగంలో ఫలానా టోకెన్ నంబరుతో బీ షిఫ్టులో పనిచేస్తున్నాను. మా చెల్లెలి పెళ్లి ఉన్నందున ఫలానా తేదీ మొదటి షిఫ్టు నుంచి ఫలానా తేదీ వరకు, మొత్తం ఆరు రోజులు, నా ఖాతాలోని వార్షిక సెలవు మంజూరు చేయగలరు. మంజూరు చేయలేకపోతే కారణం రాతపూర్వకంగా తెలుపగలరు."

ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద తేదీతో సంతకం గానీ ముద్ర గానీ వేయించుకోండి. సంతకం పెట్టనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మామూలుగా వచ్చే ఏడాదికి 30 రోజుల వరకే సెలవు మిగుల్చుకోవచ్చు. అడిగినా ఇవ్వని సెలవుకు మాత్రం ఆ పరిమితి లేదు. అడిగారనడానికి సాక్ష్యం ఆ కాపీయే. ఏడాది చివర సెలవులకు డబ్బు కావాలని కూడా అడగవచ్చు. సెలవు మధ్యలో పడిన వీక్లీ ఆఫ్‌లు, పండుగలు ఈఎల్ నుంచి కోయకూడదు. పేస్లిప్‌లో ఈ లెక్క చూడండి.

జ్వరమో, మరో జబ్బో వస్తే ఈఎల్ ఖర్చు పెట్టకండి. ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉన్నవారు డిస్పెన్సరీ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే, చందా కట్టిన రోజులు సరిపోయిన పక్షంలో ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది.

అయినా ఇవ్వకపోతే ఫిర్యాదు చేయాలి. ఫ్యాక్టరీ అయితే కర్మాగారాల శాఖ ఇన్‌స్పెక్టర్‌కు, జీతం డబ్బు సంగతైతే కార్మిక శాఖ అధికారికి రాయాలి. చీమకుర్తిలో ఒక తేడా ఉంది. పాలిషింగ్ యూనిట్ రాష్ట్ర అధికారుల పరిధిలోకి వస్తుంది. క్వారీ గని కాబట్టి అక్కడి పని కేంద్ర కార్మిక అధికారుల పరిధి. తప్పు ఆఫీసులో ఇస్తే కాగితం తిరుగుతూ ఉంటుంది. ఎవరికివ్వాలో తెలియకపోతే సోమవారం నెల్లూరు లేదా ఒంగోలు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1100కు ఫోన్ చేసినా నమోదు చేస్తారు. సెలవు దరఖాస్తు కాపీ, పేస్లిప్‌లు, గేట్ పాస్ జిరాక్స్ జతచేయండి. పదిమంది కలిసి సంతకాలు పెడితే ఒక్కరి మీద కక్ష కట్టే అవకాశం తగ్గుతుంది.

కాంట్రాక్టర్ మారినప్పుడు పాత సెలవులు పోయాయని చెబుతారు. పోవు. పని మానేసినా, తీసేసినా మిగిలిన సెలవులకు డబ్బు రెండు పనిదినాల్లో ఇవ్వాలి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ఫ్యాక్టరీ యాజమాన్యమే కట్టాలి. జీతం బకాయి క్లెయిమ్ వేయడానికి ఇప్పుడు మూడేళ్ల గడువుంది, కాబట్టి పాత గేట్ పాస్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అప్పటిదాకా పారేయకండి.