బోర్డు మాట వినట్లేదా? ముందు ఫిన్లు చూడండి

మన నల్గొండకు సముద్రం లేదు. నా సర్ఫింగ్ బోర్డు విశాఖలో మిత్రుడి ఇంట్లో ఉంటుంది. బోర్డు అడుగున తోక దగ్గర బిగించే చిన్న రెక్కలు, అంటే ఫిన్లు మాత్రం పాత టవల్లో చుట్టి మా బీరువాలోనే పెట్టుకుంటాను. రుషికొండకు బయలుదేరే ముందు రాత్రి వాటిని నేల మీద పరిచి ఒక్కొక్కటీ తడిమి చూస్తాను. బోర్డుతో ఏ ఇబ్బంది వచ్చినా కొత్తవాళ్లు తమ కాళ్లనే తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు ఫిన్లది.

సమస్య: తిప్పగానే తోక పక్కకు జారుతోంది

బోర్డు వెనక భాగం పక్కకు కొట్టుకుపోకుండా నీటిని పట్టుకోవడమే ఫిన్ పని. దుక్కిలో కర్రు లోతుకు దిగితే నాగలి పక్కకు పోదు, కానీ ఎడ్లకు బరువవుతుంది. ఇదీ అంతే. ఫిన్ పెద్దదైతే పట్టు పెరుగుతుంది, ఈడ్పూ పెరుగుతుంది. మీ బరువుకు ఫిన్లు చిన్నవైతే జారుడు తప్పదు. 80 కిలోలు దాటినవాళ్లు లార్జ్ సైజు వాడి చూడాలి.

కొనే ముందు ఇంకోటి చూసుకోండి. మహబూబ్‌నగర్ తమ్ముడొకడు "అన్నా, నా కాళ్లల్ల బలం లేదేమో" అని దిగులుపడ్డాడు. బోర్డు తిరగేసి చూస్తే కుడి ఫిన్ ఎడమకు, ఎడమది కుడికి బిగించి ఉన్నాయి. మూడు ఫిన్ల సెట్‌లో పక్క ఫిన్లకు చదును వైపు లోపలికి, ఉబ్బు వైపు బయటికి రావాలి. కొసలు బయటికి ఒరగాలి. నడిమి ఫిన్ రెండు వైపులా సమానంగా ఉబ్బి ఉంటుంది. మార్చి బిగించాక ఆ సాయంత్రమే వాడు అల మీద నిలబడి తిరిగాడు. నాకు ఎంత సంతోషమైందో!

జారుడు పెద్ద సర్ఫర్లనూ ఏడిపించింది. రెండు ఫిన్ల బోర్డులు చురుగ్గా తిరిగేవి కానీ పెద్ద అలల్లో పట్టు తప్పేవి. 1980లో ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్ వెనక మూడో ఫిన్ చేర్చాడు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలోని బెల్స్ బీచ్ సర్ఫింగ్ పోటీని ఆ బోర్డుతోనే గెలిచాడు. ఈరోజు ఎక్కడ చూసినా ఉన్నది ఆ అమరికే.

సమస్య: బోర్డు అసలు తిరగట్లేదు

ఫిన్లు మరీ పెద్దవై ఉండొచ్చు. ఒక్కటే ఫిన్ ఉండే పొడవాటి బోర్డు (లాంగ్‌బోర్డు) అయితే డబ్బు ఖర్చు లేదు, గాడిలో ఫిన్‌ను అర అంగుళం ముందుకు జరపండి. సులువుగా తిరుగుతుంది. వెనక్కి జరిపితే స్థిరంగా, తిన్నగా పోతుంది. అయితే మీ వెనక కాలు ఫిన్ల మీదికి రాకపోతే ఏ ఫిన్ మార్చినా లాభం లేదు.

సమస్య: వేగం అందుకోగానే జుయ్యిమని మోత

ఫిన్ వెనక అంచు మీద గోరు నడిపించండి. ఎక్కడో తగులుతుంది. ఆ గాటు దగ్గర నీరు సుడి తిరిగి ఫిన్ వణుకుతుంది. సన్న ఎమ్రీ పేపర్ తడిపి రెండు వైపులా సమానంగా రుద్దితే చాలు.

సమస్య: ఫిన్ కదులుతోంది

స్క్రూ బిగించండి, బలం చూపించకండి, మర పోతుంది. బిగించినా కదులుతుంటే ఫిన్ కూర్చునే పెట్టె చుట్టూ చూడండి. వెంట్రుక మందం పగులు కనిపించినా ఆరోజు నీళ్లలోకి దిగొద్దు. లోపలి ఫోమ్ నీరు తాగితే బోర్డే పాడవుతుంది. పూర్తిగా ఆరబెట్టి, రిపేరు తెలిసినవాళ్లతో రెజిన్ (గట్టిపడే జిగురు) పోయించండి.

సముద్రం నుంచి రాగానే స్క్రూలను మంచినీళ్లతో కడగండి, ఉప్పుకు తుప్పు పడతాయి. స్క్రూలు తిప్పే అలెన్ కీతో పాటు రెండు స్పేర్ స్క్రూలు సంచిలో వేసుకోండి. ఇసుకలో పడితే మళ్లీ దొరకవు.