ట్రెయిన్ సిమ్ యాడ్-ఆన్లు అమ్మాలనుకుంటున్నారా? కొనేవాడిగా నేను చెప్పేది ఇది

కంప్యూటర్‌లో రైలు నడిపే ఆటలు (ట్రెయిన్ సిమ్‌లు) ఆడే మనవాళ్లలో ఈ మధ్య వాటికి యాడ్-ఆన్లు, అంటే కొత్త రూట్లు (రైలు మార్గాలు) కట్టేవాళ్లు, లోకోలు (ఇంజన్లు) మోడల్ చేసేవాళ్లు బాగానే తయారయ్యారు, ఎక్కువమంది ఓపెన్ రైల్స్ అనే ఆటకి, కొంతమంది ట్రెయిన్జ్‌కి, ఒకరిద్దరు ట్రెయిన్ సిమ్యులేటర్ క్లాసిక్‌కి కూడా. ఇన్నాళ్లూ ఊరికే పంచిపెట్టారు, ఇప్పుడు "అన్నా, అమ్ముదామనుకుంటున్నాం, ఎలా పెట్టమంటావ్, ఎంతకి పెట్టమంటావ్" అని అడుగుతున్నారు. నాకు మోడలింగ్ రాదు. కానీ 2009లో రైల్‌వర్క్స్ (ఇప్పటి ట్రెయిన్ సిమ్యులేటర్ క్లాసిక్) వచ్చిన దగ్గర్నుంచి యాడ్-ఆన్లు కొంటూనే ఉన్నా, కొనేవాడికి ఎక్కడ కడుపు మండుద్దో, ఎక్కడ పెట్టిన డబ్బుకి తృప్తిగా ఉంటుందో బాగా తెలుసు. అదే చెప్తా.

ముందు నాకు జరిగింది వినండి. ఒక జర్మన్ లోకో ప్యాక్ కొన్నా. పేజీ మీద "ఆరు సినారియోలు" అని ఉంది, అంటే ఆడటానికి సిద్ధం చేసి పెట్టిన ఆరు ప్రయాణాలు. శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఓపెన్ చేస్తే ఆరింటిలో ఐదు నా దగ్గర లేని రూట్ మీదవి, ఆ రూట్ మళ్లీ వేరే కొనాలి, దాని రేటు లోకోకి రెట్టింపు. మిగిలిన ఒక్కటి యార్డ్‌లో షంటింగ్, బోగీలు అటూ ఇటూ జరపడం. వెనక్కెళ్లి పేజీ మళ్లీ చదివితే విషయం రాసే ఉంది, కానీ ఎక్కడ? స్క్రీన్‌షాట్లు, లోకో చరిత్ర, ఫీచర్లు అన్నీ అయిపోయాక అట్టడుగున, ఒక్క లైన్. దాచలేదు అనొచ్చు, కానీ చెప్పినట్టు కూడా కాదు కదా. ఆ తర్వాత ఆ సెల్లర్ దగ్గర ఇంకేమీ కొనబుద్ధి కాలేదు.

అందుకే మొదటి పని: డబ్బు కట్టకముందే కొనేవాడికి తెలియాలి, ఈ రాత్రి నేను ఏ బండిని, ఏ లైన్ మీద, నా దగ్గర ఇప్పుడున్న వాటితోనే నడపగలనా అని. మిగతావన్నీ దీని తర్వాతే.

ఉదాహరణకి మీరు ఓపెన్ రైల్స్‌కి కాజీపేట – సికింద్రాబాద్ కట్టారనుకోండి. పేజీలో మొట్టమొదట ఇలా రాయండి, స్క్రీన్‌షాట్ల కన్నా ముందు: "దాదాపు 130 కిలోమీటర్ల రూట్. ఓపెన్ రైల్స్ ఉంటే చాలు, పాత ఎంఎస్‌టీఎస్ (మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్) సీడీ అక్కర్లేదు, ఎక్స్‌ట్రాక్స్ (పట్టాల ముక్కల ప్యాక్) ఇందులోనే ఉంది. ప్యాక్‌లో వచ్చేవి డబ్ల్యూఏపీ-7 ప్యాసింజర్ లోకో ఒకటి, డబ్ల్యూఏజీ-9 గూడ్స్ లోకో ఒకటి, ఎల్‌హెచ్‌బీ కోచ్‌ల రేక్ ఒకటి, బొగ్గు వ్యాగన్లు. ఏడు యాక్టివిటీలు (సినారియోలు), ఏడూ ఈ ప్యాక్‌లో ఉన్న బళ్లతోనే నడుస్తాయి. జనగామ, భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ స్టేషన్లు పూర్తిగా కట్టాం. మౌలాలి యార్డ్‌లో మెయిన్ లైన్లు, రెండు లూప్‌లు (పక్క లైన్లు) మాత్రమే ఉన్నాయి, మిగతాది లేదు." ఆ చివరి వాక్యం రాయడానికి చాలామందికి చెయ్యి రాదు. రాయండి. మౌలాలి యార్డ్ కోసమే కొనేవాడు ఒకడుంటాడు, వాడు కొనకుండా ఆగిపోతే మీకు ఒక్క సేల్ పోతుంది అంతే, కొన్నాక తెలిస్తే పదిమందికి చెప్తాడు. ఎక్స్‌ట్రాక్స్‌లాంటివి ప్యాక్‌లో కలిపి ఇచ్చేముందు వాటి షరతులు కూడా చదువుకోండి, కలపకూడదని ఉంటే ఎక్కడ దొరుకుతుందో లింక్ ఇవ్వండి.

ఇంకోటి, సేఫ్టీ సిస్టమ్స్ గురించి, అంటే డ్రైవర్ పొరపాటు చేస్తే హెచ్చరించి బండిని ఆపేవి. జర్మన్ లోకో అయితే పీజడ్‌బీ, సిఫా, ఎల్‌జడ్‌బీ, బ్రిటిష్ బండి అయితే ఏడబ్ల్యూఎస్, వీటిలో ఏవి నిజంగా పనిచేస్తాయో విడివిడిగా చెప్పాలి. పీజడ్‌బీ ఉంది అంటే, హెచ్చరిక సిగ్నల్ దగ్గర పట్టాల పక్కనుండే 1000 హెర్ట్జ్ మ్యాగ్నెట్ దాటాక 4 సెకండ్లలోపు బటన్ నొక్కకపోతే బండి తనంతట తనే బ్రేక్ వెయ్యాలి, ఆ తర్వాత స్పీడ్ తగ్గిస్తున్నామా లేదా అని కూడా చూస్తుండాలి. ఊరికే డెస్క్ మీద నీలం లైట్ వెలిగితే అది పీజడ్‌బీ కాదు. ఈ ఆటలు ఆడేవాళ్లలో చాలామంది దానికోసమే కొంటారు, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మనదైతే మన రైల్వేల సేఫ్టీ సిస్టమ్ కవచ్ పెట్టామని రాసేముందు నిజంగా పెట్టారో లేదో చూసుకోండి, క్యాబ్‌లో స్క్రీన్ బొమ్మ ఒకటి అతికించి కవచ్ అనొద్దు.

రూట్, లోకో విడివిడిగా అమ్మాలా కలిపి అమ్మాలా అనేది చాలామంది అడిగే ప్రశ్న. నా మాట ఏంటంటే, రూట్ అమ్మితే అందులో కనీసం ఒక ప్యాసింజర్ బండి, ఒక గూడ్స్ బండి ఉండితీరాలి, ఆ లైన్ మీద నిజంగా తిరిగేవి. కొత్తవలస – కిరండూల్ లైన్ కట్టి, అరకు ఘాట్‌లో టన్నెళ్లన్నీ పెట్టి, బైలాడిల్లా నుంచి ఇనుప ఖనిజం దింపే గూడ్స్‌ని మాత్రం వేరే ప్యాక్‌గా అమ్మితే అది ఆ లైన్‌ని సగం చేసి అమ్మినట్టే, ఆ లైన్ వేసిందే ఖనిజం కోసం. లోడ్‌తో విశాఖ వైపు దిగుతుంటే బ్రేకులు కాచుకుంటూ రావడమే అక్కడ అసలు ఆట. దాని తర్వాత వేరే లివరీలు (బండి రంగులు), పాత డీజిల్ లోకోలు, ఇంకో రేక్ కావాలంటే విడిగా అమ్ముకోండి, అందులో తప్పేం లేదు, కావాల్సినవాడు కొంటాడు.

ట్రెయిన్ సిమ్ వరల్డ్ అనే ఆటలో ఒక మంచి పద్ధతి ఉంది, మన దగ్గర ఇంకో డీఎల్‌సీ (ఆటకి విడిగా కొనే యాడ్-ఆన్) ఉంటే అందులోని బళ్లు ఈ రూట్ టైమ్‌టేబుల్‌లోకి కూడా వచ్చి తిరుగుతాయి, లేయర్స్ అంటారు. ఇది బాగుంటుంది, పాత డీఎల్‌సీకి విలువ పెరుగుతుంది. కానీ అది అదనం కింద చెప్పండి. "రోజుకి ఇన్ని సర్వీసులు" అని రాసి అందులో వేరే డీఎల్‌సీ ఉంటేనే వచ్చేవాటిని కూడా లెక్కేస్తే మళ్లీ నా శనివారం రాత్రి కథే అవుద్ది. బయట ప్యాక్ మీద ఆధారపడి కూడా నిజాయితీగా అమ్మొచ్చు, ఆర్మ్‌స్ట్రాంగ్ పవర్‌హౌస్‌వాళ్ల ఎన్‌హాన్స్‌మెంట్ ప్యాక్‌లు (ముందే కొన్న లోకోని మెరుగుపరిచేవి) చూడండి, ఏ ప్యాక్‌కి ఏ ఒరిజినల్ లోకో ఉండాలో పేజీలోనే రాస్తారు, సౌండ్లు విన్నాక డబ్బు గుర్తే రాదు.

ఎక్కడ అమ్మాలి అంటే, స్టీమ్‌లో (ఆన్‌లైన్ గేమ్‌ల షాపు) డీఎల్‌సీ అనేది అసలు గేమ్ ఎవరిదో వాళ్ల చేతిలో ఉంటుంది, కాబట్టి ట్రెయిన్ సిమ్యులేటర్ క్లాసిక్‌కి స్టీమ్‌లో పెట్టాలంటే ఆ ఆట తయారుచేసే డోవ్‌టెయిల్ గేమ్స్ ఒప్పుకోవాలి, మామూలుగా స్టీమ్ వాటా 30 శాతం, అంటే 500 రూపాయల ప్యాక్‌లో 150 అక్కడే పోతాయి, ఆ తర్వాత పబ్లిషర్ వాటా ఉంటే అది వేరే. సొంత సైట్‌లో పెట్టుకుంటే ఆ కోత లేదు, కానీ డౌన్‌లోడ్ లింకులు, పేమెంట్లు, "ఇన్‌స్టాల్ కావట్లేదు బ్రో" మెసేజ్‌లు అన్నీ మీ నెత్తినే పడతాయి. మొదటి ప్యాక్‌కి నేనైతే సొంత సైటే అంటా.

రేటు విషయంలో ఒక్కటే గట్టిగా చెప్తా, ముందు ఎక్కువ పెట్టి ఎప్పుడూ డిస్కౌంట్‌లోనే ఉంచే పని చెయ్యొద్దు. ఇది చూసీచూసీ జనం ఏం నేర్చుకున్నారంటే, విడుదలైన రోజు కొనేవాడే నష్టపోతాడు, ఆగుదాం అని. మిమ్మల్ని నమ్మి మొదటి రోజే కొన్నవాడికి అలా అనిపించకూడదు కదా. మొదటి రెండు వారాలు పది శాతం తగ్గించి ఇవ్వండి, ఆ తర్వాత అసలు రేటు, పండక్కి ఒకసారి తగ్గించండి చాలు. కట్టగట్టి అమ్మితే స్టీమ్‌లో ఉన్న కంప్లీట్ ద సెట్ పద్ధతి మంచిది, ఆ సెట్‌లో ముందే కొన్నవాటికి మళ్లీ కట్టక్కర్లేదు, మిగతావాటికే డిస్కౌంట్ రేటుకి కడతాం. మీ సైట్‌లో కూడా అలాగే చెయ్యండి, పాత కస్టమర్ ఈమెయిల్ చూసి కొన్నది తీసేసి మిగతాది కట్టించుకుంటే అయిపోద్ది.

రిఫండ్ ఇవ్వండి. స్టీమ్‌లో 14 రోజుల్లోపు, డీఎల్‌సీ కొన్నాక గేమ్‌ని రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే వెనక్కి ఇస్తారు. ట్రెయిన్ సిమ్‌కి ఆ రెండు గంటలు చాలా తక్కువ, పాంటో (పైతీగ నుంచి కరెంట్ తీసుకునేది) ఎత్తి, బ్రేక్ టెస్ట్ చేసి, సిగ్నల్ కోసం ఆగేసరికే ముప్పావుగంట. మీ సైట్‌లో గంటల లెక్క లేకుండా 14 రోజులు పెట్టండి. ఇంకా మేలైంది ఏంటంటే ఒక ముక్క ఫ్రీగా ఇవ్వడం, మౌలాలి నుంచి ఘట్‌కేసర్ దాకా, ఒక లోకో, ఒక యాక్టివిటీ. మన కుర్రాళ్లలో చాలామంది దగ్గర పాత ల్యాప్‌టాప్‌లే, వాటి మీద ఎంత ఫ్రేమ్ రేట్ వస్తుందో డబ్బు కట్టకముందే చూసుకుంటారు. ట్రెయిన్ సిమ్ వరల్డ్ 5కి కూడా ఫ్రీ స్టార్టర్ ప్యాక్ పెట్టారు, పెద్దవాళ్లే చేస్తున్నప్పుడు మనం ఎందుకు చెయ్యకూడదు.

అమ్మకానికి పెట్టేముందు ఫోల్డర్ మొత్తం ఒకసారి కూర్చుని చూడండి. చెట్లు, ఓహెచ్‌ఈ మాస్ట్‌లు (కరెంట్ తీగల స్తంభాలు), కోచ్‌లు, హారన్ సౌండ్లు, వీటిలో వేరేవాళ్లు ఫ్రీగా ఇచ్చినవి ఎన్ని ఉన్నాయో. ఫ్రీగా ఇచ్చాడంటే అమ్ముకోమని ఇచ్చినట్టు కాదు. రీడ్‌మీలో ఏం రాశాడో చదవండి, ఏమీ రాయకపోతే మెసేజ్ పెట్టి అడగండి, జవాబు రాకపోతే తీసేసి మీదే ఒకటి చేసుకోండి. ఒకాయన నెలల తరబడి రాత్రుళ్లు కూర్చుని చేసిన కోచ్‌ని ఇంకొకరు రంగు మార్చి అమ్మడం నేను చూశా, ఆయన ఆ తర్వాత అప్‌లోడ్ చెయ్యడమే మానేశాడు, నష్టం మనందరికీ. రైల్వేల లోగోలు, ప్రైవేట్ ఆపరేటర్ల లివరీలు కూడా అంతే, అనుమతి లేకుండా అమ్మకపు ప్యాక్‌లో పెట్టొద్దు.

అమ్మాక పని ఇంకా ఉంటుంది. ఫైల్ పేరులోనే వెర్షన్ నంబర్, తేదీ పెట్టండి. ఏ వెర్షన్ గేమ్ మీద టెస్ట్ చేశారో రాయండి, కొత్త వెర్షన్ వస్తే దాంట్లో ఇది నడుస్తుందో లేదో మొదటి వారంలోనే చెప్పండి, నడవకపోయినా చెప్పండి. ఏం సరిచేశారో మామూలు మాటల్లో పెట్టండి, "చిన్న చిన్న మార్పులు" అని కాదు, "బీబీనగర్ హోమ్ సిగ్నల్ లూప్‌లోకి తీసుకున్నప్పుడు కూడా గ్రీన్ చూపిస్తోంది, సరిచేశాం" అని. పాత వెర్షన్ లింక్ కూడా ఒక నెల ఉంచండి, ఆట మధ్యలో సేవ్ చేసుకున్నవాళ్లుంటారు.