నిద్రపోతున్న షెల్ కంపెనీతో రివర్స్ మెర్జర్: లెక్కల్లో కనిపించే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

"అన్నా, లిస్టెడ్ షెల్ ఒకటి చవగ్గా వస్తోంది. మన కంపెనీని అందులో కలిపేస్తే ఐపీఓ గొడవ లేకుండా పబ్లిక్ అయిపోవచ్చట. తీసుకోమంటావా?"

డాలస్ చుట్టుపక్కల చిన్న కంపెనీల లెక్కలు చూసే నాకు ఇలాంటి ఫోన్లు అప్పుడప్పుడూ వస్తుంటాయి. అడిగేవాళ్లకి షెల్ ధర తెలుసు, ఎన్ని షేర్లు వస్తాయో తెలుసు. బాకీలెంత అని అడిగితే మాత్రం "నడవని కంపెనీకి బాకీలేముంటాయి?" అంటారు. కష్టపడి కూడబెట్టిన డబ్బు అక్కడే పోతుంది. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు రెండు ముక్కలు. చెప్పుకోదగ్గ వ్యాపారం లేకుండా, నగదు తప్ప చెప్పుకోదగ్గ ఆస్తి లేని కంపెనీని అమెరికాలో ఎస్‌ఈసీ (షేర్ మార్కెట్‌ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) షెల్ అంటుంది. నడుస్తున్న ప్రైవేటు కంపెనీ ఓనర్లు తమ వాటాలన్నీ షెల్‌కి ఇచ్చి, బదులుగా షెల్‌లో మెజారిటీ షేర్లు తీసుకుంటే అది రివర్స్ మెర్జర్. కాగితం మీద కొన్నది షెల్, పగ్గాలు పట్టేది మాత్రం ప్రైవేటు కంపెనీ వాళ్లు.

మొన్నామధ్య ఒక మిత్రుడు పంపిన షెల్ బ్యాలెన్స్ షీట్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. పేర్లు తీసేశాను, అంకెలు కాస్త మార్చాను. బ్యాంకులో నగదు 312 డాలర్లు. కట్టాల్సిన పాత బిల్లులు 46,800. డైరెక్టర్ ఇచ్చిన అప్పు 71,500. దాని మీద పేరుకున్న వడ్డీ 9,240. అమ్మేవాళ్లు అడిగింది 1,50,000 డాలర్లు, "క్లీన్ షెల్" అన్న మాటతో. బాకీలు కలిపితే 1,27,540. అవి మనమే మోస్తే ఆ షెల్ అసలు ధర 2,77,540 డాలర్లు.

సమస్య: వ్యాపారం సున్నా, అయినా ఏటా నష్టం

వ్యాపారం ఆగినా కంపెనీ బతికి ఉండటానికి ఖర్చు ఆగదు. ఆడిటర్ ఫీజు, ట్రాన్స్‌ఫర్ ఏజెంట్ (షేర్‌హోల్డర్ల చిట్టా చూసేవాళ్లు) ఫీజు, ఎస్‌ఈసీకి రిపోర్టులు పంపే ఖర్చు, రిజిస్టర్డ్ ఏజెంట్ (కంపెనీ తరఫున ప్రభుత్వ, కోర్టు కాగితాలు అందుకునేవాళ్లు) ఫీజు, కంపెనీగా రిజిస్టరై ఉన్నందుకు రాష్ట్రానికి కట్టే ఫ్రాంచైజ్ ట్యాక్స్. ఆదాయం లేదు కాబట్టి ఇదంతా నష్టంగానే పేరుకుంటుంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. పెద్ద షేర్‌హోల్డర్ తన క్రెడిట్ కార్డుతో బిల్లులు కట్టేసి, అది కంపెనీ పుస్తకాల్లో రాయడు. తక్కువ నష్టం కనిపిస్తే మంచిదే కదా అనుకుంటాడు. అలా కుదరదు. కంపెనీ కోసం పెట్టిన ఖర్చు కంపెనీ ఖర్చుగానే రావాలి. తిరిగి ఇవ్వాల్సిన డబ్బైతే అప్పుగా, ఇవ్వక్కర్లేనిదైతే అదనపు మూలధనంగా రాయాలి. ప్రతి చెల్లింపుకీ రసీదు, అప్పుకి ప్రామిసరీ నోటు, వడ్డీ రేటు, గడువు ఉండాలి. ఆడిటర్ మొదట అడిగేవి ఇవే.

ఖర్చు తగ్గించుకునే దారి ఒకటుంది, కానీ చాలామందికి తెలియదు. ఎస్‌ఈసీ లెక్కల నియమావళి రెగ్యులేషన్ ఎస్-ఎక్స్‌లో 3-11 నియమం ప్రకారం ఏడాది మొత్తం రాబడి లక్ష డాలర్లు, ఖర్చు లక్ష డాలర్లు మించని నిష్క్రియ కంపెనీ ఆడిట్ లేని లెక్కలతోనే వార్షిక రిపోర్టు వేయొచ్చు. ఆ ఏడాది సొంత షేర్లు అమ్మకూడదు, కొనకూడదు. వ్యాపారంలో పెద్ద మార్పేమీ రాకూడదు. అంటే మెర్జర్ జరిగే ఏడాది ఇది పనికిరాదు. ఎదురుచూసే ఏళ్లలో మాత్రం అక్కరకొస్తుంది.

సమస్య: డెలావేర్ నుంచి 1,70,165 డాలర్ల ట్యాక్స్ నోటీసు

ఈ నోటీసు చూసి మా మిత్రుడికి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. టెన్షన్‌తో అసలు ఆ డీల్ వద్దనుకున్నాడు. 312 డాలర్ల కంపెనీకి లక్షా డెబ్బై వేల పన్నేమిటి?

ఈ షెల్ రిజిస్టరైన రాష్ట్రం డెలావేర్. అక్కడి ఫ్రాంచైజ్ ట్యాక్స్‌ని రెండు పద్ధతుల్లో లెక్కకట్టొచ్చు. నోటీసులో మామూలుగా వచ్చేది మొదటిది, అధీకృత షేర్ల (కంపెనీ జారీ చేయడానికి అనుమతి ఉన్న షేర్ల) పద్ధతి. 5,001 నుంచి 10,000 షేర్ల వరకు 250 డాలర్లు, ఆపైన ప్రతి 10,000 షేర్లకి 85 డాలర్లు, గరిష్ఠం 2,00,000. ఈ షెల్‌కి చార్టర్‌లో (కంపెనీ స్థాపన పత్రంలో) 2 కోట్ల షేర్లు రాసి ఉన్నాయి. పదివేలు తీసేస్తే మిగిలినవి 1,999 పదివేలు. 1,999ని 85తో గుణిస్తే 1,69,915, దానికి 250 కలిపితే 1,70,165. నోటీసులో అంకె తప్పు కాదు, ఎంచుకున్న పద్ధతి మనకి పనికొచ్చేది కాదు, అంతే.

రెండోది ఊహించిన ముఖవిలువ పద్ధతి. మొత్తం ఆస్తులను జారీ అయిన షేర్లతో భాగించాలి. ఇక్కడ జారీ అయినవి 80 లక్షలు, ఆస్తులు 312 డాలర్లు. షేరుకి 0.000039 వస్తుంది. చార్టర్‌లో ఉన్న ముఖవిలువ 0.0001 అంతకంటే ఎక్కువ, కాబట్టి అదే తీసుకోవాలి. 2 కోట్లను 0.0001తో గుణిస్తే 2,000 డాలర్లు. పన్ను ప్రతి పది లక్షలకి, లేదా అందులో భాగానికి, 400 డాలర్లు. కనుక పన్ను 400, వార్షిక రిపోర్టు ఫీజు 50. కట్టాల్సింది 450 డాలర్లు.

పరిష్కారం ఇంతే: వార్షిక రిపోర్టులో జారీ అయిన షేర్ల సంఖ్య, మొత్తం ఆస్తులు నింపితే రెండో పద్ధతి ప్రకారం లెక్క వస్తుంది. ఆస్తుల అంకె ఫారం 1120 (కార్పొరేషన్ ఫెడరల్ పన్ను రిటర్ను)లోని బ్యాలెన్స్ షీట్‌తో సరిపోవాలి. గడువు మార్చి 1. దాటితే 200 డాలర్ల జరిమానా, నెలకి 1.5 శాతం వడ్డీ. ఏడాది పాటు కట్టకపోతే చార్టరే రద్దవుతుంది. అప్పుడు పాత పన్నులన్నీ కట్టి కంపెనీని పునరుద్ధరించాకే మెర్జర్ మాట ఎత్తాలి.

సమస్య: ఎనిమిదేళ్ల నాటి బాకీలు పుస్తకాల్లోంచి పోవడం లేదు

46,800లో పాత లాయరుకి 22,300, పాత ఆడిటరుకి 18,000, ట్రాన్స్‌ఫర్ ఏజెంటుకి 6,500. అమ్మేవాళ్ల మాట: "ఎవరూ అడగట్లేదు, కొట్టేద్దాం." నాకు ఈ మాట వింటేనే భయం. అడగని బాకీ తీరిన బాకీ కాదు.

అమెరికన్ అకౌంటింగ్ నియమాల్లో 405-20 అనే భాగం ఈ విషయం తేల్చిచెబుతుంది. బాకీ కట్టేయాలి, లేదా అప్పిచ్చినవాడు గానీ కోర్టు గానీ చట్టప్రకారం విడుదల చేయాలి. అప్పుడే అది పుస్తకాల్లోంచి పోతుంది. దావా వేసే గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాంట్రాక్టు బాకీలకి డెలావేర్‌లో 3 ఏళ్లు, న్యూయార్క్‌లో 6 ఏళ్లు. మధ్యలో ఎప్పుడైనా కొంత డబ్బు కట్టినా, బాకీ ఒప్పుకుంటూ ఉత్తరం రాసినా చాలాచోట్ల గడువు మళ్లీ మొదటికొస్తుంది. కాలం చెల్లిందని తీసేయాలంటే లాయర్ రాతపూర్వక అభిప్రాయం లేకుండా ఆడిటర్ ఒప్పుకోడు.

అందుకే ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి, ఎంతో కొంతకి సెటిల్ చేసుకుని, విడుదల పత్రం మీద సంతకం తీసుకోవాలి. బయటివాళ్లు మాఫీ చేస్తే అది లాభంగా రాయాలి. పెద్ద షేర్‌హోల్డర్ మాఫీ చేస్తే మూలధనంలోకి వెళ్తుంది. మాఫీ అయిన అప్పు పన్ను దృష్టిలో ఆదాయమే. అయితే కంపెనీ అప్పులు ఆస్తుల కంటే ఎక్కువగా ఉన్నంత మేరకు మినహాయింపు ఉంటుంది, ఫారం 982 వేయాలి.

కన్వర్టిబుల్ నోట్లు ఉంటే మరీ జాగ్రత్త. మార్కెట్ ధర మీద తగ్గింపుతో షేర్లుగా మారే నోటు ఉందంటే షేర్ ధర పడేకొద్దీ ఎక్కువ షేర్లు పుట్టుకొస్తాయి. మెర్జర్ తర్వాత మీకొచ్చిన 90 శాతం వాటా ఎప్పుడు 60కి పడుతుందో చెప్పలేం. అలాంటి నోటు తీరకుండా సంతకం పెట్టకండి.

సమస్య: డైరెక్టర్ అప్పు హైదరాబాద్ నుంచి వచ్చింది

ఇది మనవాళ్లకి ప్రత్యేకంగా తగిలే చిక్కు. ఈ షెల్ డైరెక్టర్ హైదరాబాద్‌లో ఉంటారు, ఆయన వాటా 34 శాతం. విదేశీ వ్యక్తికి 25 శాతం, అంతకు మించి వాటా ఉన్న అమెరికా కంపెనీ అతనితో అప్పు లాంటి లావాదేవీ చేసిన ప్రతి ఏడాదీ ఫారం 5472 వేయాలి. వేయకపోతే ఏడాదికి 25,000 డాలర్ల జరిమానా. మూడేళ్లు వదిలేశారంటే 75,000. షెల్ బ్యాలెన్స్ షీట్‌లో ఈ అంకె ఎక్కడా కనబడదు, ఎందుకంటే ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఇంకా అడగలేదు.

ఆదాయం లేదు కదా అని అసలు ఫారం 1120 కూడా వేయని షెల్స్ చూశాను. ఆదాయం ఉన్నా లేకున్నా కార్పొరేషన్ రిటర్ను వేయాల్సిందే. పాత ఏళ్లవన్నీ తయారుచేసి, 5472 జతచేసి, ఆలస్యానికి న్యాయమైన కారణం వివరిస్తూ ఉత్తరం పెట్టాలి. ఐఆర్‌ఎస్ నోటీసు రాకముందే పంపడం మేలు. ఇదంతా అమ్మేవాళ్ల ఖర్చుతో, క్లోజింగ్‌కి (డీల్ పూర్తయ్యే రోజుకి) ముందే జరగాలి. ఇండియా వైపు ఫెమా (విదేశీ మారక చట్టం) సంగతి అక్కడి చార్టర్డ్ అకౌంటెంట్‌ని అడిగి తేల్చుకోండి.

సమస్య: ఆడిట్ రిపోర్టులో "కంపెనీ కొనసాగడంపై గట్టి సందేహం"

దీనికి భయపడక్కర్లేదు. ఆదాయం లేని షెల్‌కి ఆ వాక్యం రాకపోతేనే అనుమానించాలి. చూడాల్సింది ఆ రిపోర్టు మీద సంతకం ఎవరిదని. ఆడిటర్ పీసీఏఓబీలో (పబ్లిక్ కంపెనీల ఆడిటర్లను పర్యవేక్షించే సంస్థలో) రిజిస్టరై ఉండాలి. 2024 మే 3న ఎస్‌ఈసీ బీఎఫ్ బోర్గర్స్ అనే ఆడిట్ సంస్థ మీద చర్య తీసుకుంది. 1,500కి పైగా ఫైలింగ్‌లలో ఆడిట్ ప్రమాణాలు పాటించలేదని తేల్చి, సంస్థకీ ఓనరుకీ కలిపి 1.4 కోట్ల డాలర్ల జరిమానా వేసి, ఎస్‌ఈసీ ముందు పనిచేయకుండా శాశ్వతంగా నిషేధించింది. దాని క్లయింట్లు కొత్త ఆడిటర్ కోసం పరుగులు పెట్టాల్సొచ్చింది. ఒప్పందానికి ముందు ఆడిటర్ పేరు పీసీఏఓబీ సైట్‌లో వెతకడానికి పది నిమిషాలు చాలు.

సమస్య: షేర్ కోట్ కనిపించట్లేదు

రిపోర్టులు ఆగిపోయి ఉంటాయి. 2021 సెప్టెంబర్ 28 నుంచి కఠినమైన 15సీ2-11 నియమం (బ్రోకర్లు షేరు ధర కోట్ చేయడానికి పెట్టిన షరతులు) వల్ల తాజా సమాచారం బయటపెట్టని కంపెనీల షేర్లు ఎక్స్‌పర్ట్ మార్కెట్‌కి (బ్రోకర్లు, నిపుణ మదుపరులకే ధర కనిపించే చోటికి) పోయాయి, మామూలు మదుపరికి కోట్ కనబడదు. రిపోర్టులు మరీ వెనకబడితే ఎస్‌ఈసీ సెక్యూరిటీస్ ఎక్స్చేంజ్ చట్టం సెక్షన్ 12(జె) కింద రిజిస్ట్రేషన్ రద్దు చేస్తుంది. 2012 మేలో ఒకేసారి 379 నిద్రాణ షెల్స్ ట్రేడింగ్ ఆపేసింది. రద్దు కాకముందైతే పెండింగ్ రిపోర్టులు వేసి బతికించుకోవచ్చు. రద్దయ్యాక మళ్లీ రిజిస్టర్ కావడానికి కొత్తగా ఫారం 10 వేయాలి. ఆ స్థితికి వచ్చిన షెల్‌కి డబ్బు పెట్టడం నా దృష్టిలో అనవసరం.

సమస్య: "పాత నష్టాలు 30 లక్షల డాలర్లు ఉన్నాయి, మీ పన్ను మిగులుతుంది"

మిగలదు. మూడేళ్ల వ్యవధిలో యాజమాన్యం 50 పర్సంటేజ్ పాయింట్లకు మించి మారితే, పాత నష్టాల వాడకానికి హద్దు పెట్టే పన్ను చట్టం సెక్షన్ 382 అడ్డుపడుతుంది. పైగా మారాక రెండేళ్లు పాత వ్యాపారం కొనసాగకపోతే వాడుకునే హద్దు దాదాపు సున్నా. షెల్‌లో కొనసాగించడానికి వ్యాపారమే లేదు. ఆ నష్టాలకి ఒక్క డాలర్ కూడా ధర కట్టకండి.

సమస్య: మెర్జర్ అయ్యాక గుడ్‌విల్ ఎంత రాయాలి?

గుడ్‌విల్ అంటే కొన్న కంపెనీ నికర ఆస్తుల విలువ కంటే ఎక్కువ ఇచ్చిన మొత్తం. ఇక్కడ ఏమీ రాయకూడదు. వ్యాపారం లేని షెల్‌తో రివర్స్ మెర్జర్ అంటే లెక్కల్లో అది కొనుగోలు కాదు, ప్రైవేటు కంపెనీ మూలధనాన్ని కొత్త రూపంలో సర్దుకోవడం. ఇక నుంచి పాత చరిత్రగా చూపేది ప్రైవేటు కంపెనీ లెక్కలే. షెల్ నుంచి వచ్చేవి దాని నగదు, దాని బాకీలు, అంతే. అందుకే ప్రైవేటు కంపెనీ పుస్తకాలు ముందే ఆడిట్ అయి ఉండాలి. క్లోజింగ్ అయిన 4 పని దినాల్లో పూర్తి వివరాలతో ఎస్‌ఈసీకి ఫారం 8-కె (ముఖ్య సంఘటనల రిపోర్టు) వేయాలి, ఆడిట్ లెక్కలకి అదనపు గడువు లేదు. ఆ వివరాలు వేసిన రోజు నుంచి ఏడాది వరకు రూల్ 144 (రిజిస్టర్ చేయని షేర్లను మార్కెట్లో అమ్ముకోనిచ్చే నియమం) కింద షేర్లు అమ్ముకునే వీలు లేదు. ఇంటి అప్పు తీర్చడానికి షేర్లు అమ్ముదామనుకునేవాళ్లకి ఈ విషయం ముందే చెప్పండి.

డబ్బు నేరుగా అమ్మేవాళ్ల అకౌంట్‌కి పంపకండి. సెక్యూరిటీస్ లాయర్ ఎస్క్రోలో (షరతులు తీరేదాకా డబ్బు పట్టి ఉంచే మధ్యవర్తి ఖాతాలో) పెట్టి, ఒక్కో విడుదల పత్రం వచ్చాక దానికి సరిపడా మొత్తం విడుదల చేయించండి. మా మిత్రుడు అలాగే చేశాడు. డైరెక్టర్ తన 71,500 అప్పు, వడ్డీ మాఫీ చేస్తూ సంతకం పెట్టారు. పాత ఆడిటర్, ట్రాన్స్‌ఫర్ ఏజెంట్ సగానికి ఒప్పుకుని పత్రాలిచ్చారు. పాత లాయరు నుంచి కాగితం ఇంకా రాలేదు. 22,300 డాలర్లు ఎస్క్రోలోనే ఉన్నాయి.