పొత్తికడుపు నొప్పి తగ్గడం లేదా? అండాశయాల వాపేమో చూపించుకోండి

సమస్య: బొడ్డు కింద నాలుగైదు రోజులుగా గుంజుతున్నట్టు నొప్పి. నడిచినా, భర్తతో కలిసినా ఎక్కువవుతుంది. తెల్లబట్ట పసుపుపచ్చగా, వాసనగా అవుతుంది. కొందరికి చలిజ్వరం. కొందరికి నెలసరి కాని రోజుల్లోనూ మరకలు.

తిరుపతిలో మా వీధిలో పూలు కట్టి అమ్మే అక్క ఇలాగే పది రోజులు ఓర్చుకుంది. "ఉడుకు చేసిందిలేమ్మా" అంటూ మెంతులు నానబెట్టి, మజ్జిగలో కలుపుకుని తాగింది. చివరికి మా అరుగు మీద కూడా నిటారుగా కూర్చోలేక, పొట్ట పట్టుకుని ఒక పక్కకి ఒరిగిపోయింది.

కారణం: ఉడుకు కాదు, ఇన్‌ఫెక్షన్. అండాశయం ఒక్కటే వాయడం అరుదు. కింది నుంచి క్రిములు గర్భసంచిలోకి, అక్కడి నుంచి అండం వచ్చే నాళాల్లోకి, అండాశయాల దాకా పాకుతాయి. కలయిక వల్ల అంటుకునే గనేరియా, క్లమీడియా అనే జబ్బులు ఇందులో ముఖ్యమైనవి. కాన్పు, అబార్షన్ తర్వాతా, కాపర్-టీ వేయించుకున్న మొదటి మూడు వారాల్లోనూ రావచ్చు. అరుదుగా గవదబిళ్లలు, క్షయ కూడా కారణమే.

ముందు ఇది తేల్చుకోండి: నెల తప్పిందా? నొప్పి ఉన్నట్టుండి ఒకే పక్క పొడిచిందా? కళ్లు తిరుగుతున్నాయా? నాళంలో గర్భం నిలిచినా, అండాశయం మెలిపడినా, అపెండిక్స్ వాచినా ఇలాగే ఉంటుంది. అలాంటిదేమైనా ఉంటే ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

పరిష్కారం: తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి లాంటి చోట లేడీ డాక్టరుకు చూపించండి. గర్భ పరీక్ష, స్కానింగ్ చేస్తారు. సుఖవ్యాధులకు చికిత్స చేసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో ఈ జబ్బుకు పసుపు రంగు మందుల కిట్ ఉచితంగా ఇస్తారు: సెఫిక్సిమ్ ఒక్కసారి, డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా., మెట్రోనిడజోల్ 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 14 రోజులు. గర్భిణులకు డాక్సీసైక్లిన్ ఇవ్వరు. కాబట్టి మెడికల్ షాపులో సొంతంగా కొనొద్దు. మూడు రోజుల్లో తగ్గకపోయినా, వాంతులతో మాత్రలు నిలవకపోయినా మళ్లీ వెళ్లాలి. చీము గడ్డ కట్టి ఉండొచ్చు, అప్పుడు అడ్మిట్ చేస్తారు.

మందులు మొదలెట్టిన ఆరో రోజు అక్క పూలబుట్టలో, తడిగుడ్డ కింద సగం మిగిలిన మాత్రల స్ట్రిప్ కనిపించింది. "నొప్పి పోయింది కదమ్మా, ఇంకెందుకు?" అంది. నాకు ప్రాణం ఉసూరుమంది. లోపల క్రిమి మిగిలితే నాళాలు అతుక్కుపోయి, రేపు పిల్లలు పుట్టడం కష్టమవుతుందని పక్కన కూర్చుని చెప్పాను.

భర్తకూ మందు పడాలి. ఆయనకు ఏ బాధా లేకపోయినా సరే. లేకపోతే నయమైన జబ్బు మళ్లీ అంటుకుంటుంది. ఇద్దరి కోర్సూ పూర్తయ్యేదాకా కలవకూడదు. అక్క మొగుడు రెండుసార్లు తప్పించుకుని, మూడోసారి వచ్చి మాత్రలు తీసుకున్నాడు.