పాత న్యూయార్క్ ర్యాప్‌లో మతం మాటలు పట్టుకోవడం ఎలా

మొదట్లో న్యూయార్క్ ర్యాపర్ రకీమ్‌ని విన్నప్పుడు లయ తలకెక్కింది గానీ మాటలు ఎక్కలేదు. నాలెడ్జ్, సైఫర్, ఏడో అంకె... ఇదేం లెక్కల క్లాసురా బాబూ అనుకున్నా. తీరా చూస్తే నిజంగానే లెక్కలు.

ఈ మాటలు వచ్చింది ఫైవ్ పర్సెంట్ నేషన్ అనే బృందం నుంచి, ముందు దాని గురించి తెలుసుకోండి. నేషన్ ఆఫ్ ఇస్లాం అనే అమెరికా నల్లజాతి మత సంస్థ నుంచి బయటికొచ్చిన క్లారెన్స్ 13ఎక్స్, 1964లో న్యూయార్క్‌లోని హార్లెమ్ పేట వీధి కుర్రాళ్లను పోగేసి దీన్ని మొదలుపెట్టాడు. వాళ్ల లెక్కలో జనంలో 85 శాతం మందికి నిజం తెలియదు, 10 శాతం తెలిసీ దాచిపెట్టి మిగతావాళ్ల మీద బతుకుతారు, చివరి 5 శాతం తెలిసింది నేర్పుతారు. నల్లజాతి మగాడే దేవుడు, స్త్రీ భూమి (ఈ రెండో ముక్క నాకు మింగుడుపడదు, అది వేరే గొడవ). ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1973లో, పక్కనే ఉన్న బ్రాంక్స్‌లో హిప్‌హాప్ మొదలైంది. కుర్రాళ్లూ వీధులూ అవే కాబట్టి మాటలూ అవే వచ్చి చేరాయి.

ఇక అంకెలు. 1 నాలెడ్జ్, 2 విజ్‌డమ్, 3 అండర్‌స్టాండింగ్, అలా వెళ్తే 7 గాడ్, సున్నా సైఫర్. ఇవాళ తేదీ 12 అనుకోండి, ఇద్దరు కలిస్తే "ఇవాళ్టి మ్యాథమెటిక్స్ ఏంటి?" అని అడుగుతారు, ఒకటి, రెండు కలిపితే మూడు, అంటే జ్ఞానం, వివేకం కలిస్తే అవగాహన అని రెండో అతను విప్పి చెప్పాలి. ఓ వారం రోజులు తేదీ చూసి మీరూ ఇలా విప్పి చూడండి, పాటలో అంకె వినపడగానే చెవి దానంతటదే నిలబడుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో 'జీ' ఏడోది, అందుకే వీళ్ల నోట "పీస్, జీ" అంటే జీ గ్యాంగ్‌స్టర్ కాదు, గాడ్. హార్లెమ్‌ని మక్కా అనీ, బ్రూక్లిన్‌ని మదీనా అనీ అంటారు.

వినడం రకీమ్ 1987 ఆల్బమ్‌తో మొదలుపెట్టి, బ్రాండ్ న్యూబియన్ గ్రూప్ మీదుగా 1993 నాటి వూ-టాంగ్ క్లాన్ గ్రూప్‌కి రండి. లిరిక్స్ ముందు పెట్టుకుని వినండి, సిగ్గేం లేదు.

ఈ ఫైవ్ పర్సెంట్ బోధనని ఇస్లాం అని మాత్రం రాయకండి. ముస్లింలు ఒప్పుకోరు, వీళ్లలోనూ చాలామంది మేం ముస్లింలం కాదనే అంటారు. 2014లో ర్యాపర్ జే-జీ ఓ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి ఫైవ్ పర్సెంట్ గుర్తున్న పతకం వేసుకొస్తే పెద్ద చర్చే నడిచింది. మెడలో పతకం కనపడిందని ఎవరినీ సభ్యుడని తేల్చేయకండి.