క్విల్టింగ్ నేర్చుకోవాలంటే: నలుగురి క్లాసు, పావు అంగుళం కుట్టు

మా నాయనమ్మ బొంత కుట్టేటప్పుడు టేపు పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. పాత నేత చీరలు నాలుగు వరసలు పరిచి, మూలల మీద పొత్రం, చెంబులు బరువు పెట్టి, ఒక అంచు నుంచి కుట్టుకుంటూ వచ్చేది. కొలత కావాలంటే జానెడు, బెత్తెడు. అది చూస్తూ పెరిగినదాన్ని కనుక హ్యూస్టన్‌లో క్విల్టింగ్ (బట్ట ముక్కలు అతికి, దూది పొర పెట్టి దుప్పటి కుట్టడం) క్లాసులో చేరినప్పుడు ఇందులో నాకు కొత్తేముంటుందిలే అనుకున్నాను. తీరా తొమ్మిది ముక్కలు అతికిన చదరం, అంటే బ్లాకు, కుట్టాక పక్కావిడ బ్లాకు మీద పెట్టి చూస్తే నాది అరంగుళం తక్కువ!

లెక్క చాలా చిన్నది. కుట్టు అంచు నుంచి పావు అంగుళంలో పడాలి. నేను పరక ఎక్కువ పట్టాను, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. కుట్టుకు రెండు పక్కలా ముక్కలుంటాయి కదా, ఒక్కో కుట్టుకు పావు అంగుళం మింగేసింది. రెండు కుట్లకు అరంగుళం. బొంతలో అయితే దీన్ని ఎవరూ పట్టించుకోరు. క్విల్టులో ఇలాంటి బ్లాకులు ముప్పై ఉంటే ఒకదానికొకటి అతకవు.

ఇది వీడియో చూస్తే తెలియదు. పక్కన కూర్చుని మన కుట్టు చూసేవాళ్లుండాలి. అందుకే క్లాసు ఎంచుకునేటప్పుడు నేను ముందు అడిగేది ఫీజు కాదు, ఎంతమంది వస్తున్నారని. ఒక టీచరుకు నలుగురు, మహా అయితే ఆరుగురు. ఒకసారి తక్కువ ధరకు వస్తుందని ఇరవై మందికి పైగా ఉన్న వర్క్‌షాపుకు వెళ్లాను. ఇస్త్రీపెట్టెలు రెండే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను నేర్చుకున్నది క్యూలో నిలబడటం.

తర్వాత అడగాల్సింది, క్లాసు అయ్యేసరికి చేతిలో ఏముంటుందని. ‘ఒక్క రోజులో క్విల్టింగ్ మొత్తం’ అంటే వద్దు. ‘రెండున్నర గంటల్లో త్రిభుజాలు, నాలుగు బ్లాకులు’ అంటే వెళ్లండి. ముందు కోత, సూటి కుట్టు. తర్వాత త్రిభుజాలు. ఆ తర్వాత మూడు పొరలు కలిపి కుట్టడం. చివరికి అంచు పట్టీ. ఒక్కోదానికి ఒక్కో క్లాసు, మధ్యలో రెండు మూడు వారాల విరామం.

అమెరికాలో ఉన్నవాళ్లకు క్విల్టు బట్టల షాపులు, క్విల్ట్ గిల్డులు (క్విల్టర్ల సంఘాలు), కొన్ని ఊళ్లలో పబ్లిక్ లైబ్రరీలు ఇలాంటి క్లాసులు పెడతాయి. హ్యూస్టన్‌లో జార్జ్ ఆర్ బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో ఏటా జరిగే అంతర్జాతీయ క్విల్ట్ ఫెస్టివల్‌లో కూడా క్లాసులుంటాయి. అయితే అక్కడికి మొదటిసారి చూడ్డానికి మాత్రమే వెళ్లండి, బుర్ర తిరిగిపోతుంది. మన ఊళ్లో క్లాసు దొరక్కపోతే నలుగురు కలిసి బాగా కుట్టే టైలరమ్మను అడిగి పెట్టించుకోవచ్చు. సూటి కుట్టు, ఇస్త్రీ, ఐమూల కోత గురించి ఆవిడకు తెలిసినంత చాలామంది క్విల్టర్లకు తెలియదు.

సామాను మొదటి రోజే కొనకండి. 45 మిల్లీమీటర్ల రోటరీ కట్టర్, కింద పరిచే మ్యాట్, 6 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవున్న ప్లాస్టిక్ స్కేలు, ఈ మూడూ క్లాసులో ఇస్తారేమో కనుక్కోండి. వాడి చూశాకే మీ చేతికి ఏది నప్పుతుందో తెలుస్తుంది. కట్టర్ పిజ్జా కోసే చక్రంలా అమాయకంగా కనిపిస్తుంది, నమ్మొద్దు. కోత అయిన ప్రతిసారీ బ్లేడు మూసేయాలి. నా ఎడమ చూపుడు వేలి మీద గుర్తు ఇప్పటికీ ఉంది.

బట్ట మాత్రం మీదే తీసుకెళ్లండి. మంగళగిరి కాటన్ బాగుంటుంది. పెడన కలంకారీ అయితే ముందు విడిగా ఉతికి, రంగు దిగుతుందేమో చూడాలి. అమ్మ చీరలు, పట్టుచీరలు మొదటి క్లాసుకు వద్దు. పట్టు జారిపోతుంది, పాడైతే ఏడుపొస్తుంది. పలచటి పాత చీరే వాడాలనుకుంటే గంజి పెట్టి బిర్రుగా ఇస్త్రీ చేసి పట్టుకెళ్లండి. మా టీచరు స్టార్చ్ స్ప్రే కొట్టమన్నప్పుడు, ఓహో గంజా అనుకున్నాను. ముక్క కదలకుండా తెగడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు.

క్లాసులో కూర్చోగానే ఒక పరీక్ష చేసుకోండి. ఒకటిన్నర అంగుళం వెడల్పున్న మూడు పట్టీలు పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేయండి. మొత్తం వెడల్పు సరిగ్గా మూడున్నర అంగుళాలు రావాలి, మధ్య పట్టీ ఒక అంగుళం కనిపించాలి. తక్కువొస్తే కుట్టు లోపలికి పడుతోందన్నమాట. సూది నుంచి పావు అంగుళం దూరంలో మిషను మీద టేపు అంటించి, ఆ గీతకు బట్ట ఆనించి మళ్లీ కుట్టండి. నాకు నాలుగోసారికి కుదిరింది. కుదిరేదాకా డిజైన్ జోలికి పోవద్దు.

ఇస్త్రీ కూడా మళ్లీ నేర్చుకోవాల్సిందే. చొక్కా మీద లాగినట్టు పెట్టెను లాగితే ముక్క సాగుతుంది. పైకెత్తి అదమాలి, అంతే. కుట్టు లోపలి అంచును ముదురు రంగు బట్ట వైపు మళ్లిస్తే పైకి కనిపించదు. ఒక వరస అంచులు కుడికి, కింది వరసవి ఎడమకు మళ్లిస్తే రెండు వరసలు కలిపేచోట ఒకదాన్లో ఒకటి ఇమిడి మూలలు కలుస్తాయి.

త్రిభుజాల క్లాసులో చాలామందికి టెన్షన్. జాకెట్టు క్రాస్ కటింగ్ తెలిసినవాళ్లకు సగం పని అయిపోయినట్టే, ఐమూల బట్ట సాగుతుందని వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పైగా ఇక్కడ ముందు కుట్టి తర్వాత కోస్తాం. రెండు రంగుల 5 అంగుళాల చతురస్రాలు ఒకదానిమీద ఒకటి పెట్టి, మూల నుంచి మూలకు గీత గీసి, గీతకు రెండు పక్కలా పావు అంగుళం దూరంలో కుట్టి, గీత మీద కోస్తే రెండు బ్లాకులొస్తాయి. వాటిని నాలుగున్నర అంగుళాలకు సరిచేసుకోవాలి. కొంచెం పెద్దగా చేసి కత్తిరించుకోవడమే నయం.

మూడు పొరల క్లాసుకు వచ్చేసరికి నాయనమ్మ గుర్తొచ్చింది. అడుగు బట్ట బిర్రుగా పరిచి నేలకు టేపు వేస్తాం, దాని మీద దూది పొర, ఆపైన మనం అతికిన పైబట్ట. బెత్తెడుకొకటి చొప్పున పిన్నీసులు. ఆవిడ ఒక అంచు నుంచి కుట్టుకొచ్చేది. ఇక్కడ మధ్య నుంచి బయటికి, లేకపోతే బట్ట నడుమ ఉబ్బుతుంది. మిషను మీదైతే మూడు పొరలనూ కలిపి జరిపే వాకింగ్ ఫుట్ బిగించాలి.

నేను చేత్తో కుట్టాను. మిగతావాళ్లు అంగుళానికి ఎనిమిది కుట్లు రావాలని తంటాలు పడుతుంటే నావి నాలుగే, బొంత కుట్లు. టీచరు వెనక్కి తిప్పి చూసి, ‘అన్నీ ఒకే పొడుగున్నాయి, ఇలాగే కానివ్వు, చిన్నవి తర్వాత అవే వస్తాయి’ అంది. మీ చేతికి సూది అలవాటుంటే చిన్న కుట్ల కోసం కంగారు పడకండి. అమెరికాలోనే అలబామాలోని జీస్ బెండ్ ఆడవాళ్లు పాత పనిబట్టలతో కుట్టిన క్విల్టులు 2002లో హ్యూస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ గోడలకెక్కాయి. 2006లో తపాలా బిళ్లల మీదికీ వచ్చాయి. వాటిలో గీతలు స్కేలు పెట్టి గీసినట్టుండవు.

క్లాసులో చేసిన ప్రతి నమూనా మీద మాస్కింగ్ టేపు ముక్క అంటించి, ఎంత కోశారు, ఎంతకు వచ్చింది, అంచు ఎటు మళ్లించారు అన్నది రాసిపెట్టుకోండి. నోట్సు పోతుంది, నమూనా పోదు. వారం లోపల అదే ఇంట్లో ఒంటరిగా ఇంకోసారి చేయాలి. ఎక్కడ ఆగిపోయారో అదే తర్వాతి క్లాసులో అడగాల్సిన ప్రశ్న.

అంచు పట్టీ క్లాసు మానేయొద్దు. పూర్తికాని క్విల్టులు ఎక్కువగా ఇక్కడే ఆగి బీరువాల్లో పడుంటాయి. రెండున్నర అంగుళాల పట్టీని నిలువునా సగానికి మడిచి కుట్టుకుంటూ వెళ్లి, మూలకు పావు అంగుళం ముందు ఆపి, పట్టీని పైకి మడిచి, మళ్లీ కిందికి దించాలి. చదివితే అర్థం కాదు, చూస్తే ఒక్క నిమిషం. మొదలుపెట్టేచోట పది అంగుళాల పట్టీ కుట్టకుండా వదిలిపెట్టండి, చివర్లో రెండు కొసలూ కలపడానికి చోటుండాలి. నేను రెండే వదిలాను. ఆ మూల బాగోతం కనిపించకుండా క్విల్టును మంచానికి గోడవైపు తిప్పి పరుస్తాను.